కృష్ణాతీరానికి మంచు కనుమల దారి

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు నుండి అమరావతికి పోయే దారిలో కంటికి ముఖ్యంగా కనబడేవి రెండు రంగులు. కళ్ళాలలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఒకటి. చేలలో చివరి తీతకు మిగిలిన ప్రత్తి తెలుపు రెండవది. ఊరు చేరిన తరువాత కృష్ణకు దగ్గరగా గుండ్రని దిబ్బ ఒకటి ఉన్నది. ఒకనాటి మహాచైత్యంలో అక్కడ మిగిలినది అదే. దానికి చేరువలోనే ధరణికోట. పూర్వం ధాన్యకటకమని పేరు పొందిన నగరం ఈ ప్రదేశమే.

క్రీ.శ. 639-640 ప్రాంతంలో ఈ నేల మీదికి ఒక చైనా భిక్షువు వచ్చినాడు. ఆయన పేరు హ్యూయన్‌త్సాంగ్. ఆనాటి చేలలో మిరప లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడల మీద 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చినది. అది సముద్రం దాటి వచ్చిన వస్తువు. ఈ భిక్షువు మంచు కొండలు దాటి వచ్చిన మనిషి.

ఎత్తైన కనుమ దాటడమన్నది ఇప్పుడు సెలవులలో చేసే సాహసయాత్ర అయినది. మన మైదానాల విద్యార్థులు కూడ హిమాచల ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండలకు పోయి, వీపున సంచి, చేతిలో కర్ర పట్టుకొని కనుమలు దాటి వస్తున్నారు. కాని మన చరిత్రలో కనుమ విహారస్థలం కాదు. అది తలుపు. ఆ తలుపు గుండా పుస్తకాలు పోయినవి, మనుష్యులు వచ్చినారు. దారిలో అనేకులు మరణించినారు. ఆ దారిలో మానవదేహానికి ఏమి జరిగినది? దానికి కారణమేమి? అంత కష్టపడి దాటినందువల్ల మనకు మిగిలినదేమి? ఈ మూడు ప్రశ్నలను వరుసగా విచారింతము.

ధాన్యకటకంలో కొన్ని మాసాలు

హ్యూయన్‌త్సాంగ్ ఈ దేశాన్ని గూర్చి వ్రాసినది కొద్దిగానే. నేల సారవంతమైనది, పంటలు సమృద్ధిగా పండుతవి, వాతావరణం వేడిగా ఉంటుంది. సంఘారామాలు అనేకం ఉన్నవి గాని ఎక్కువ భాగం పాడుపడినవి. ఇరవై వరకు మాత్రమే నిలిచి ఉన్నవి. వాటిలో వెయ్యిమంది భిక్షువులు. నగరానికి తూర్పున పూర్వశైల విహారం, పడమట అవరశైల విహారం. ఇంతే.

ఆయన శిష్యుడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రలో మరొక సంగతి ఉన్నది. ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులను హ్యూయన్‌త్సాంగ్ కలుసుకొన్నాడు. వారు మహాసాంఘిక సంప్రదాయంలో గొప్ప పండితులు. వారి వద్ద కొన్ని మాసాలు ఉండి ఆయన అభిధర్మం చదువుకొన్నాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదువుకొన్నారు. గురువెవరో, శిష్యుడెవరో చెప్పలేని చదువు అది. తరువాత మనసులు కలిసి, ముగ్గురూ కూడి పుణ్యస్థలాల దర్శనానికి బయలుదేరినారు.

ఈ రాకపోకలు హ్యూయన్‌త్సాంగ్‌తో మొదలైనవి కావు. పల్నాటిలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరపు శాసనం ఒకటి దొరికినది. బోధిశ్రీ అనే ఉపాసిక చేసిన దానధర్మాలను అది చెప్పుతుంది. సింహళ సంప్రదాయపు స్థవిరులను ప్రశంసిస్తూ, వారు ధర్మం బోధించిన దేశాల పేర్లు ఆ శాసనంలో చెక్కించినారు. ఆ పట్టికలో కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాతదేశం ఉన్నవి. అనగా, మూడవ శతాబ్దంలోనే కృష్ణ ఒడ్డున ఉన్న వారికి మంచు కొండల ఆవలి దేశాల పేర్లు తెలుసునన్నమాట. పేర్లు తెలియడం తేలిక. అక్కడికి పోవడం, అక్కడి నుండి రావడం వేరు సంగతి.

కనుమ అనగా ఏమి?

మన జిల్లాలవారికి కనుమ కొత్త కాదు. గిద్దలూరు నుండి నంద్యాలకు పోయేవారు నల్లమల కొండలను నంది కనుమ వద్ద దాటుతారు. కొండల వరుస గోడ వలె అడ్డముగా ఉన్నప్పుడు, ఆ గోడ ఎక్కడ తక్కువ ఎత్తుగా ఉన్నదో అక్కడ మనిషి దారి చేసుకొంటాడు. అదే కనుమ. నల్లమలలో ఈ తక్కువ చోటు కొన్ని వందల మీటర్లలో ఉంటుంది. హిమాలయాలలోను, వాటికి వాయవ్యంగా ఉన్న పామీరు, హిందూకుష్, తియన్‌షాన్ పర్వతాలలోను, తక్కువ చోటు కూడ 4,000 మీటర్లో 5,000 మీటర్లో ఉండవచ్చును. అక్కడ తక్కువ అనేది శిఖరాలతో పోల్చి చెప్పే మాట మాత్రమే.

చైనా నుండి భారతదేశానికి తిన్నగా గీత గీస్తే ఆ గీత టిబెట్టు పీఠభూమి మీదుగా, హిమాలయాల మీదుగా పోతుంది. హ్యూయన్‌త్సాంగ్ ఆ గీత మీద నడవలేదు. 629లో బయలుదేరి ఆయన పడమటికి చుట్టు తిరిగినాడు. 627 అని మరికొందరి లెక్క. ఎడారి దాటి, తుర్ఫాన్, కూచా చేరి, తియన్‌షాన్ పర్వతాలను ఎక్కి దిగినాడు. సమర్‌ఖండు, బల్ఖు నగరాలు చూచి, హిందూకుష్ దాటి బామియాన్, గాంధారం మీదుగా కాశ్మీరం చేరినాడు. అక్కడ రెండేండ్లు చదివి, పీర్ పంజాల్ శ్రేణి దాటి పూంచ్, రాజౌరి మార్గాన మైదానంలోకి దిగినాడు. ఆ తరువాతనే నలంద. నలంద తరువాత కళింగం, ఆంధ్రం, ధాన్యకటకం. అనగా మన కృష్ణ ఒడ్డుకు చేరకముందు ఆయన పాదాలు కనీసం మూడు పర్వతశ్రేణులను ఎక్కి దిగినవి.

మంచు కొండ మీద ఏడు దినాలు

ఈ దాటుటలన్నింటిలో మొదటిది మిక్కిలి క్రూరమైనది. కూచాలో ఆయన రెండు నెలల పాటు ఊరకే కూర్చొనవలసి వచ్చినది. పైన దారిలో మంచు కరగలేదు. తుర్ఫాన్ రాజు ఆయనకు డబ్బు, గుర్రాలు, పనివారు, ముఖానికి కప్పుకొనే గుడ్డలు, చేతి తొడుగులు, తోలు బూట్లు ఇచ్చి పంపినాడు. ఆ రాజుకు చలి సంగతి తెలుసునని ఈ బహుమతుల పట్టికయే చెప్పుతున్నది.

చైనా వారు లింగ్‌షాన్ అని పిలిచిన ఆ మంచు కొండ బెదెల్ కనుమ అయి ఉండునని అనేక పండితుల అభిప్రాయం. ముజార్ట్ కనుమ అని మరికొందరంటారు. బెదెల్ ఎత్తు 4,200 మీటర్లకు పైన. హుయిలీ వ్రాసిన చరిత్రలో దాని వర్ణన ఉన్నది. మంచు పేరుకొని పేరుకొని వసంతంలోను గ్రీష్మంలోను కరగక గడ్డకట్టి మేఘాలతో కలిసిపోయినట్లుండెను. చరియలు విరిగి దారికి అడ్డంగా పడి ఉండెను. రెండు జతల చెప్పులు, ఉన్ని వస్త్రాలు ఉన్నా వణుకు ఆగలేదు. నిద్రకు గాని, వంటకు గాని పొడి నేల దొరకలేదు. కుండను వ్రేలాడగట్టి వండుకొన్నారు. మంచు మీదనే చాపలు పరచుకొన్నారు. ఏడవ దినానికి కొండ దిగినారు. దిగేసరికి పదిమందిలో ముగ్గురో నలుగురో చలికి, ఆకలికి చనిపోయినారు. పశువుల నష్టం ఇంకా ఎక్కువ.

హ్యూయన్‌త్సాంగ్ తన గ్రంథంలో ఈ కొండను గూర్చి ఒక హెచ్చరిక కూడ వ్రాసినాడు. ఇక్కడ నడిచేవారు ఎర్రని బట్టలు కట్టరాదు, బుర్రలు మోయరాదు, గట్టిగా అరవరాదు. అట్లు చేసినచో అక్కడి నాగులకు కోపం వచ్చి గాలి లేచి ఇసుక, రాళ్ళు కురుస్తవి. ఈనాడు కూడ కొండలలో అరిస్తే మంచుచరియ విరిగి పడుతుందని అనేకులు నమ్ముతారు. లెక్క కట్టి చూచిన శాస్త్రజ్ఞులు మనిషి గొంతు వల్ల గాలిలో పుట్టే ఒత్తిడి అందుకు ఏమాత్రం చాలదని తేల్చినారు. చరియలను విరిచేవి క్రొత్తగా పడిన మంచు బరువు, గాలి తెచ్చి పోసిన మంచు, ఎండకు వచ్చే మార్పు, నడిచేవారి బరువు. హెచ్చరికలో కారణం తప్పు. కాని అక్కడ హఠాత్తుగా గాలి లేచి ప్రాణాలు పోతవన్న పరిశీలన మాత్రం ఒప్పు. ఈ తేడాను విద్యార్థులు గుర్తు పెట్టుకొనవలెను. మనకు ముందు ముందు పనికివస్తుంది.

తలనొప్పి కొండలు

చలి కంటికి కనిపించే శత్రువు. దానిని గూర్చి ఎవరైనా వ్రాస్తారు. కాని కనుమలలో కంటికి కనిపించని శత్రువు మరొకటి ఉన్నది. దానిని కూడ చైనా వారు చాలా ముందుగానే గుర్తించినారు.

క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దపు చివరి భాగంలో తూ చిన్ అనే అధికారి, కాశ్మీర గాంధార ప్రాంతాలకు రాయబారులను పంపవద్దని సలహా ఇచ్చినాడు. ఆ సలహాను హాన్ వంశపు చరిత్రలో పొందుపరచినారు. ఆ దారిలో పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ అనే పేర్లు గల కొండలున్నవి. అక్కడ మనుష్యులకు ఒళ్ళు వేడెక్కుతుంది, ముఖం పాలిపోతుంది, తల నొస్తుంది, వాంతులవుతవి. గాడిదలకు, పశువులకు కూడ అదే గతి. ఇది ఒక వైద్యుడు వ్రాసినది కాదు. రాజకార్యాన్ని గూర్చిన సలహా. అయినను పర్వతవ్యాధి లక్షణాలను ఇంత స్పష్టంగా చెప్పిన ప్రాచీన వ్రాతలు అరుదు. పశువులకు కూడ వస్తుందన్న మాటను గమనించండి. ఇది మనిషి భయంవల్ల పుట్టిన భ్రాంతి కాదని ఆ ఒక్క మాట ఋజువు చేస్తున్నది.

హ్యూయన్‌త్సాంగ్‌కు రెండు శతాబ్దాలకు పైగా ముందు, 399లో, ఫాహియాన్ చాంగాన్ నగరం నుండి బయలుదేరినాడు. పామీరు దాటేటప్పుడు అక్కడి విషసర్పాలు కోపిస్తే విషపు గాలి, మంచు, ఇసుక కక్కుతవని వ్రాసినాడు. సింధునది లోయలో కొండ రాతిలో తొలిచిన 700 మెట్లు దిగి, త్రాళ్ళ వంతెన మీద నది దాటినాడు. తరువాత చిన్న మంచుకొండలు దాటుతుండగా చలిగాలి కొట్టినది. సహచరుడు హుయిచింగ్ నోట తెల్లని నురుగు వచ్చినది. తాను బ్రతకననీ, ఆగితే అందరూ చనిపోతారనీ, వెంటనే వెళ్ళిపోవలసినదనీ చెప్పి ఆయన అక్కడనే ప్రాణం విడిచినాడు. ఫాహియాన్ శవాన్ని పట్టుకొని విలపించి, మళ్ళీ ముందుకు నడిచినాడు. ఆయన దక్షిణాపథానికి రాలేదు. ఆ దారులు కష్టమైనవని, రాజుకు కానుక లిస్తే గాని తోడు దొరకదని విని మానుకొన్నాడు.

ఆ తెల్లని నురుగు ఏమిటి? ఎత్తులో ఊపిరితిత్తులలోనికి నీరు దిగడం వల్ల వచ్చిన నురుగే అయి ఉండునని కొందరు వైద్యచరిత్రకారుల ఊహ. తీవ్రమైన చలివల్లనే మరణమని చెప్పడానికి కూడ అవకాశం ఉన్నది. ఏమైనను, నురుగును చూచినవాడు నురుగు అనే వ్రాసినాడు. అందువల్లనే 1,600 ఏండ్ల తరువాత వైద్యులు దానిని గూర్చి చర్చించగలుగుతున్నారు.

కారణాన్ని వెదికినవారు

విషపు గాలి అన్న మాటకు సమాధానం దొరకడానికి చాలా కాలం పట్టినది. దక్షిణ అమెరికాలోని పెరూ కొండలలో జబ్బుపడిన అకోస్తా అనే స్పెయిన్ దేశపు మతాచార్యుడు 1590లో అచ్చయిన తన గ్రంథంలో, అక్కడి గాలి మనిషి శ్వాసకు చాలనంత పలుచగా ఉన్నదని ఊహించినాడు. ఊహను కొలిచి చూడడానికి ఒక పరికరం కావలెను. 1643లో టారిచెల్లీ పాదరసపు గొట్టంతో వాయుపీడనాన్ని కొలిచే మార్గం చూపినాడు. అదే భారమితి. 1648 సెప్టెంబరు 19న పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే ఫ్రాన్సులో 1,465 మీటర్ల ఎత్తు గల ప్వీ ద దోమ్ కొండ మీదికి అటువంటి గొట్టాన్ని మోసుకొనిపోయినాడు. పైన పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగినది. ఎత్తు పెరిగేకొద్దీ మన పైనున్న గాలి తగ్గుతుంది, దాని బరువు తగ్గుతుంది, పీడనం తగ్గుతుంది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉన్నది. కొండ మీద గాలిలో ఆమ్లజని శాతం తగ్గుతుందని వ్రాస్తారు. తగ్గదు. గుంటూరులోను, బెదెల్ కనుమ మీదను గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్ళే. తగ్గేది దానిని మన ఊపిరితిత్తులలోనికి నెట్టే పీడనం. సముద్రమట్టంలో పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆమ్లజని వంతు సుమారు 160. 4,300 మీటర్ల ఎత్తున మొత్తం పీడనం సుమారు 445. ఆమ్లజని వంతు 93 మాత్రమే. ఒక్కొక్క శ్వాసలోను మనిషికి అందేది కింద అందినదానిలో ఆరు పాళ్ళకన్న తక్కువ, పదింటికి. సుమారు 5,500 మీటర్ల వద్ద పీడనం సగమవుతుంది.

పర్వతవ్యాధికి కారణం చలి కాదు, అలసట కాదు, విషం కాదు, ఆమ్లజని పీడనం తగ్గడమే అని ప్రయోగాలతో స్థాపించినవాడు ఫ్రాన్సు దేశపు పాల్ బెర్. గాలిని తోడివేయగల ఇనుప గదిలో తాను కూర్చొని, పీడనం తగ్గించి, జబ్బు లక్షణాలు రాగానే ఆమ్లజని పీల్చి, అవి పోవడం చూచినాడు. ఆయన పని వట్టి పాండిత్యం కాదు. 1875 ఏప్రిల్‌లో జెనిత్ అనే బెలూన్ 8,000 మీటర్లు దాటినప్పుడు అందులోని ముగ్గురిలో ఇద్దరు చనిపోయినారు. టిసాందియే ఒక్కడే బ్రతికినాడు. పాల్ బెర్ మహాగ్రంథం 1878లో వెలువడినది.

తరగతి గదిలో కనుమ

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని పాఠశాలలోనే చూపవచ్చును. గుండ్రని అడుగు గల గాజు ఫ్లాస్కులో సగం వరకు నీరు పోసి మరిగించండి. ఆవిరి లోపలి గాలిని బయటికి తరిమే వరకు కొద్దిసేపు మరగనిచ్చి, దీపం తీసివేసి, వెంటనే గట్టి బిరడా బిగించండి. మరగడం ఆగిపోతుంది. ఇప్పుడు ఫ్లాస్కును గుడ్డతో పట్టి తలక్రిందులు చేసి, పట్టుగొలుసుకు బిగించి, పైనుండి చన్నీరు పోయండి. నీరు మళ్ళీ మరుగుతుంది! చన్నీటివల్ల లోపలి ఆవిరి నీరై, పీడనం తగ్గినది. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. చదునైన అడుగు గల ఫ్లాస్కు వాడరాదు, పగిలిపోగలదు. పిల్లలను దూరంగా నిలబెట్టవలెను.

ఈ ప్రయోగం చూచిన పిల్లవానికి లింగ్‌షాన్ మీద వ్రేలాడిన వంటకుండ అర్థమవుతుంది. 4,300 మీటర్ల వద్ద నీరు సుమారు 86 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగుతుంది. కుండ తెర్లుతుంది గాని గింజ ఉడకదు. చలిలో వంటచెరకు లేదు, ఉన్న మంట చాలదు, మరిగే నీరు కూడ చాలినంత వేడి కాదు. ఆకలితో చనిపోయినారన్న మాటలో ఇదంతా ఇమిడి ఉన్నది.

చలి సంగతి కూడ మన ఊరి లెక్కతోనే చెప్పవచ్చును. గాలిలో పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. గుంటూరులో 30 డిగ్రీలున్న రోజున, మన నెత్తిమీద 4,300 మీటర్ల ఎత్తున ఉన్న గాలి వేడి రెండు డిగ్రీలు మాత్రమే. మిరపకళ్ళం మీద నిలబడినవానికి మంచు కొండ చలి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నదన్నమాట. కాకపోతే ఆ దూరం నిలువుగా ఉన్నది.

దేహం నేర్చుకొనే పాఠం

ఆమ్లజని తగ్గినప్పుడు దేహం ఊరకుండదు. మొదట శ్వాస వేగం, లోతు పెరుగుతవి. గుండె వేగంగా కొట్టుకొంటుంది. మూత్రపిండాలు నెత్తురులోని క్షారాన్ని కొంత విసర్జించి, వేగంగా శ్వాసించడానికి వీలు కలిగిస్తవి. దీనికి దినాలు పడుతుంది. ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. అందువల్ల ఎత్తు ఎంత అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎంత త్వరగా ఎక్కినామన్నది అసలు ప్రశ్న. 3,000 మీటర్లు దాటిన తరువాత, రాత్రి పడుకొనే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు దినాలకొకసారి విశ్రమించవలెనని ఈనాటి వైద్యుల సలహా. తలనొప్పి, వాంతి వస్తే ఇంకా పైకి పోరాదు. ఊపిరి ఆడక దగ్గు, నురుగు వచ్చినా, మాట తడబడినా, నడక తూలినా, వెంటనే కిందికి దింపవలెను. దిగడమే మొదటి మందు.

ఈ జ్ఞానం మన దేశానికి చాలా ఖరీదుకు వచ్చినది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల నుండి మన సైనికులను త్వరత్వరగా ఎత్తైన సరిహద్దులకు తరలించవలసి వచ్చినది. అనేకులు శత్రువును చూడకముందే ఈ జబ్బుకు లోనైనారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులైన సైనిక వైద్యులు 3,350 నుండి 5,500 మీటర్ల వరకు గల ఎత్తులలో జబ్బుపడిన 1,925 మంది సైనికులను పరీక్షించి 1969లో ప్రకటించిన వ్యాసం ఈనాటికీ ప్రపంచమంతటా వైద్యులు చదివేది. ఎత్తులో ఊపిరితిత్తులలోనికి నీరు దిగే జబ్బు న్యుమోనియా కాదని, అది వేరని అమెరికా వైద్యుడు హ్యూస్టన్ 1960లోనే చూపినాడు. ఆమ్లజని తగ్గితే ఊపిరితిత్తులలోని రక్తనాళాలు ముడుచుకొని, లోపలి ఒత్తిడి పెరిగి, సన్నని నాళాల నుండి ద్రవం గాలితిత్తులలోనికి కారుతుంది.

టిబెట్టు పీఠభూమి మీద తరతరాలుగా బ్రతుకుతున్నవారికి ఈ బాధ తక్కువ. వారి దేహంలో ఒక జన్యువు భిన్నమైన రూపంలో ఉన్నందున నెత్తురు మరీ చిక్కబడదని 2010లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పక్షులలో కూడ ఇటువంటి నేర్పరులున్నవి. హ్యూయన్‌త్సాంగ్ హిందూకుష్ శిఖరం మీద గాలి తీవ్రతకు పక్షులు కూడ ఎగరలేవని, కొన వద్ద దాటి కొంతదూరం పోయిన తరువాతనే రెక్కలు విప్పుతవని విని వ్రాసినాడు. కాని తల మీద నల్లని చారలుండే ఒక జాతి బాతులు ప్రతి శీతకాలం హిమాలయాల ఆవల నుండి దక్షిణ భారతదేశపు చెరువులకు వస్తవి. వాటికి చిన్న యంత్రాలు కట్టి ఉపగ్రహాల ద్వారా గమనించగా, అవి 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్లు తేలినది.

ఏనుగు, నది, పుస్తకాలు

643లో హ్యూయన్‌త్సాంగ్ తిరుగు ప్రయాణం కట్టినాడు. ఆయన కోరితే సముద్రమార్గం దొరికేది. కాని మళ్ళీ కనుమల దారినే పోయినాడు. ఈసారి బరువు ఎక్కువ. పదునాలుగేండ్లలో సేకరించిన తాళపత్రాలు, ప్రతిమలు, విత్తనాలు. హర్షచక్రవర్తి ఇప్పించిన ఏనుగు. సింధునది దాటేటప్పుడు గాలివాన లేచి పడవ ఒరిగినది. పుస్తకాలకు కాపలా ఉన్నవాడు నీళ్ళలో పడినాడు. అతనిని రక్షించినారు గాని, 50 గ్రంథాల కట్టలు, పూలవిత్తనాలు నదిలో కలిసిపోయినవి. పోయినవాటికి ప్రతులు వ్రాయించుకొనడానికి ఆయన ఆ ఒడ్డుననే 50 దినాలకు పైగా ఆగినాడు.

హిందూకుష్ ఎక్కేటప్పుడు దారి తెలిసిన కొండవారిని వెంటబెట్టుకొన్నారు. మంచు కప్పిన పగుళ్ళలో పడకుండా వారి అడుగులో అడుగు వేసి నడిచినారు. చివరికి వెంట మిగిలినవారు ఏడుగురు భిక్షువులు, ఇరవై మంది పనివారు, ఒక ఏనుగు, పది గాడిదలు, నాలుగు గుర్రాలు. మన దేశపు ఏనుగు హిందూకుష్‌ను, పామీరును దాటినది! కాని పామీరు దిగిన తరువాత దొంగలు తరిమినప్పుడు అది నీళ్ళలో పడి చనిపోయినది. 645లో ఆయన చాంగాన్ చేరేసరికి 20 గుర్రాల మీద 657 గ్రంథాలు వచ్చినవి. 664లో చనిపోయేవరకు పందొమ్మిదేండ్లు వాటిని అనువదిస్తూనే ఉన్నాడు.

పోయినది, నిలిచినది

ఆ పుస్తకాలతో మనకేమి పని అని ఎవరైనా అడుగవచ్చును. ధాన్యకటకంలో హ్యూయన్‌త్సాంగ్ విన్న కథలలో ఒకటి భావవివేకుడనే తత్త్వవేత్తను గూర్చినది. నగరానికి దక్షిణాన ఉన్న కొండ రాయి తెరచుకొనగా ఆయన లోపలికి వెళ్ళి మైత్రేయుని రాకకై ఎదురుచూస్తున్నాడని ఆ కథ. కథను కథగానే ఉంచుదాం. భావవివేకుడు వ్రాసిన కరతలరత్నం అనే తర్కగ్రంథాన్ని హ్యూయన్‌త్సాంగ్ 649లో చైనా భాషలోనికి అనువదించినాడు. దాని సంస్కృతమూలం ఇక్కడ నశించినది. ఇరవయ్యవ శతాబ్దంలో అయ్యస్వామి శాస్త్రి చైనా అనువాదం నుండి దానిని తిరిగి సంస్కృతంలోనికి మార్చి, 1949లో విశ్వభారతి నుండి ప్రకటించినాడు. శాతవాహన రాజుకు నాగార్జునుడు వ్రాసినదని ప్రసిద్ధి పొందిన సుహృల్లేఖ కూడ చైనా, టిబెట్టు అనువాదాల వల్లనే ఆధునిక లోకానికి తెలిసినది.

మన ఒడ్డున పుట్టిన పుస్తకం మన ఒడ్డున నిలువలేదు. వేడి, చెమ్మ, చెద, నిర్లక్ష్యం దానిని తినివేసినవి. మనిషి ప్రాణం తీసే కనుమ దాటి అవతలికి పోయినది గనుక అది బ్రతికినది.

మరొక సంగతితో ముగిస్తాను. టిబెట్టు రాజధాని లాసా ప్రక్కన 1416లో స్థాపించిన ద్రేపుంగ్ విహారం పేరుకు వారి భాషలో అర్థం ధాన్యపు రాశి. అది మన ధాన్యకటకం పేరుకు వారు చేసికొన్న అనువాదం. 1959లో దలైలామా, ఆయన వెనుక వేలాదిమంది టిబెట్టువారు హిమాలయాల కనుమలు దాటి భారతదేశానికి వచ్చినారు. ద్రేపుంగ్ భిక్షువులు తరువాత కర్ణాటకలోని ముండగోడులో తమ విహారాన్ని మళ్ళీ కట్టుకొన్నారు. కృష్ణ ఒడ్డు నుండి పోయిన పేరు, దాదాపు ఐదున్నర శతాబ్దాలు లాసాలో ఉండి, మంచు దాటి తిరిగి దక్షిణాపథానికే చేరినది. 2006 జనవరిలో అమరావతిలో జరిగిన కాలచక్ర ఉత్సవానికి దలైలామా వచ్చినప్పుడు, ధాన్యకటకం వారికి ఎంత దగ్గరి ఊరో మనవారు కళ్ళారా చూచినారు.

ఉపాధ్యాయులు పిల్లలను అమరావతికి తీసుకొనిపోయినప్పుడు శిల్పాలను చూపడంతో ఆగకుండ, ఆ దిబ్బ ప్రక్కన నిలబెట్టి ఈ దారిని కూడ పటం మీద చూపవలెనని నా మనవి. అక్కడికి వచ్చినవారు కారణాలను తప్పుగా ఊహించి ఉండవచ్చును. నాగులకు కోపం వచ్చినదన్నారు; గాలిలో విషమున్నదన్నారు. కాని తల నొచ్చినదని, నురుగు వచ్చినదని, పదిమందిలో ముగ్గురో నలుగురో పోయినారని చూచినది చూచినట్లు వ్రాసి పెట్టినారు. కారణాన్ని వెదికే పని తరువాతి వారికి వదలినారు. టారిచెల్లీ గొట్టం, పాల్ బెర్ ఇనుప గది, సైనిక వైద్యుల పట్టికలు, అన్నీ ఆ పనిలో భాగాలే. ఈ వేసవిలో కొండ ఎక్కబోయే మన విద్యార్థి, తల నొచ్చినప్పుడు ఆ సంగతి దాచక తోటివారికి చెప్పి, ఒక దినం ఆగినచో, ఈ చరిత్ర అతనికి ఉపయోగపడినట్లే.